శుభలేఖలో లేని పేరు, ఛాతీ కింద లేచిన వేడి: బౌద్ధం ప్రకారం ఫీలింగ్ ఎలా పుడుతుంది?

మీరు అడిగింది ఇది: "మేనేజర్ నుంచి మెయిల్ కనిపించగానే, ఇంకా తెరవకముందే గుండెల్లో దడ. తర్వాత కోపం, ఆ తర్వాత రోజంతా టెన్షన్. బౌద్ధం ప్రకారం ఈ ఫీలింగ్ ఎక్కడి నుంచి వస్తుంది? ఆత్మ లేదంటారు కదా, మరి బాధపడేది ఎవరు? పూర్వజన్మ కర్మ అనుకుని ఊరుకోవడమేనా?"

ఒకటే ప్రశ్నలా ఉన్నా ఇందులో మూడున్నాయి. నేను భిక్షువును కాను, యూనివర్సిటీ పండితుణ్నీ కాను. బ్యాంకులో పనిచేస్తూ ఇరవై రెండేళ్ల క్రితం పాళీ నేర్చుకోవడం మొదలుపెట్టి, రిటైరయ్యాక పూర్తిగా దాంట్లోనే పడిపోయినవాణ్ని. నాకు తెలిసింది చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు మన తెలుగువాళ్లకు ఎదురయ్యే చిక్కొకటి చెప్పాలి. బౌద్ధ గ్రంథాల్లో ఫీలింగ్‌కు వాడే మాట వేదన. ఆ మాట మనకు ముందే తెలుసు కాబట్టే చిక్కు. ప్రసవవేదన, మనోవేదన, ఆవేదన, ఎటు చూసినా నొప్పే. దాంతో 'వేదన వల్ల తృష్ణ పుడుతుంది' అనే వాక్యం చదివినప్పుడు, నొప్పి నుంచి కోరిక ఎలా పుడుతుందబ్బా అని తల గోక్కుంటాం. నేనైతే మొదటి ఏడాదంతా గోక్కున్నాను. పాళీలో ఈ మాటకు ఏడుపుతో పని లేదు. విద్ అనే ధాతువు నుంచి వచ్చింది. వేదం, విద్య, వేత్త పుట్టిందీ అక్కడే. వేదన అంటే అనుభవంలోకి వచ్చి తెలియడం, అంతే. మండుటెండలో చెప్పుల్లేకుండా మేడ మీద కాలు పెడితే తెలిసేదీ వేదనే, ఆ కాళ్ల మీద చన్నీళ్లు పోసుకుంటే తెలిసేదీ వేదనే.

ఇదొక్కటే అయితే సర్దుకోవచ్చు. సంజ్ఞ అంటే మనకు సైగ. అక్కడ 'ఇది ఫలానాది' అని గుర్తుపట్టడం. సంస్కారం అంటే మనకు మర్యాదా మన్ననా. అక్కడ మనసు అల్లే అల్లికలన్నీ. విజ్ఞానం అంటే మనకు సైన్సు. అక్కడ ఉత్త ఎరుక. స్పర్శ అంటే మనకు చర్మానికి తగలడం. అక్కడ కంటికీ చెవికీ చివరికి మనసుకీ స్పర్శ ఉంటుంది. ఉపేక్షకు జరిగింది మరీ అన్యాయం. పట్టించుకోకుండా వదిలేయడాన్ని మనం ఉపేక్ష అంటాం, అక్కడ అది తూకం తప్పని మనసుకు పేరు. పరాయి మాటైతే నిఘంటువు తీస్తాం, తెలిసిన మాటకు ఎవరు తీస్తారు? తెలుగులో బౌద్ధం చదివేటప్పుడు ఈ అరడజను మాటల దగ్గర మాత్రం ఆగి ఆగి నడవండి.

ఇక అసలు విషయం. మీరు ఫీలింగ్ అంటున్న ముద్దలో కనీసం రెండు రకాల సరుకు కలిసి ఉంది. హాయిగా ఉంది, బాధగా ఉంది, ఈ రెండూ కాకుండా ఉంది అనే రుచి మొదటిది. వేదన అంటే ఇంతవరకే: సుఖం, దుఃఖం, అదుఃఖమసుఖం. కోపం, అసూయ, బెంగ, కక్ష లాంటివి రెండోది. ఇవి సంస్కారాల ఖాతాలోకి వెళ్తాయి. థేరవాదం (పాళీ గ్రంథాలను అనుసరించే బౌద్ధ శాఖ) మనసును ముక్కలుగా విడదీసి చూపే గ్రంథభాగం పేరు అభిధమ్మం. అక్కడ మనసుతో కలిసి పుట్టే ధర్మాలను, అంటే విడివిడి అంశాలను, చేతసికాలు అంటారు, మొత్తం 52. అందులో వేదన ఒకటి, సంజ్ఞ ఒకటి. మిగిలిన 50, మంచివీ చెడ్డవీ, అన్నీ సంస్కార స్కంధమే. (స్కంధం అంటే పోగు. మనిషిని బౌద్ధం ఐదు పోగులుగా విడదీస్తుంది.) మరి ఆ రెండింటికి మాత్రం విడివిడిగా స్కంధాలెందుకు ఇచ్చినట్టు? వసుబంధుడనే పాతకాలపు బౌద్ధ ఆచార్యుడు అభిధర్మకోశం అనే గ్రంథంలో చెప్పిన కారణాల్లో ఒకటి నాకు భలే ఇష్టం: లోకంలో తగాదాలకు మూలం ఆ రెండే కాబట్టి. వేదన రుచి మరిగినవాళ్లు సుఖాల కోసం కొట్టుకుంటారు, సంజ్ఞ తలకెక్కినవాళ్లు అభిప్రాయాల కోసం కొట్టుకుంటారు. అన్నదమ్ముల ఆస్తి తగాదా మొదటి రకం, వాట్సాప్ గ్రూపులో తగాదా రెండో రకం అనుకోండి.

వేదన పని ఏమిటో చెప్పడానికి అట్ఠసాలిని అనే వ్యాఖ్యానంలో ఒక పోలిక ఉంది. వంటవాడు రాజుగారి వంటకాల్లో ఉప్పూ కారం చూడ్డానికి చిటికెడు నాలిక మీద వేసుకుంటాడు. కూర్చుని తినేది రాజే. మనసులోని మిగతా ధర్మాలు వంటవాడిలా ఆ వస్తువును ఒక మూల తాకి ఊరుకుంటాయి, దాని రుచిని నిండుగా అనుభవించేది వేదన.

సొంత సంగతి ఒకటి చెబుతాను. కొన్నేళ్ల క్రితం దగ్గరి బంధువుల ఇంటి పెళ్లి శుభలేఖ వచ్చింది. నాలుగు మూలలా పసుపు, కవరు తెరవగానే ఆ వాసన. వధూవరుల పేర్లు దాటి నా కన్ను కిందికి, 'ఆహ్వానించువారు' దగ్గరికి జారింది. పెద్దల పేర్లు వరసగా ఉన్నాయి. నాది లేదు. మళ్లీ పైనుంచి చదివాను. రెండోసారి చదవడం పూర్తికాకముందే ఛాతీ కింద ఎక్కడో వేడిగా ఒకటి లేచింది. 'కావాలనే వదిలేశారు' అనే ఆలోచన అప్పటికి ఇంకా మాటల్లోకి రాలేదు. అది తర్వాత వచ్చింది. దాని వెనకే 'ఆయన ఆస్పత్రిలో ఉంటే మూడు రాత్రులు బెంచీ మీద పడుకున్నది ఎవరు?' వచ్చింది. ఐదు నిమిషాల్లో పాతికేళ్ల పద్దులన్నీ తెరుచుకున్నాయి. మా ఆవిడ అదే కార్డు అందుకుని "కాగితం బావుందండీ, ఖరీదే అయ్యుంటుంది" అంది. మనవడు దాని మీదున్న బంగారు రంగు వినాయకుణ్ని గోటితో గీకుతూ కూర్చున్నాడు.

అదే కాగితం, అదే సిరా, ముగ్గురికీ మూడు రుచులు. బాధ ఆ కార్డులోనే ఉంటే ముగ్గురికీ కలగాలి. నాలోనే ఉంటే కవరు చింపకముందు నుంచీ ఉండాలి. మరెక్కడిది?

బుద్ధుడి ఉపదేశాల సంపుటాల్లో ఒకటైన సంయుత్త నికాయంలో వేదనల మీద ఒక విభాగమే ఉంది, వేదనా సంయుత్తం అని. అందులో బుద్ధుడు చెప్పిన పోలిక: రెండు కట్టెల్ని ఒకదానితో ఒకటి రాపాడిస్తే వేడి పుడుతుంది, నిప్పు రాజుకుంటుంది. విడదీసి పక్కన పెడితే ఆ వేడి చల్లారిపోతుంది. వేడి ఏ కట్టెలో దాక్కుంది అని అడిగితే చెప్పలేం. రాపిడి ఉన్నంతసేపూ ఉంది. ఈ రాపిడికే స్పర్శ అని పేరు, పాళీలో ఫస్స.

ఈ రాపిడి తర్వాత ఏం జరుగుతుందో బాగా విడమరిచి చెప్పినవాడు బుద్ధుడి శిష్యుడు మహాకచ్చాన. ఆ కథ మజ్ఝిమ నికాయం అనే ఇంకో సంపుటంలోని మధుపిండిక సుత్తంలో (సుత్తం అంటే ఒక ఉపదేశం) ఉంది. కపిలవస్తులో దండపాణి అనే శాక్యుడు చేతికర్ర ఊతంగా నిలబడి, 'మీ వాదమేమిటి, మీరు చెప్పేదేమిటి?' అని బుద్ధుణ్ని అడుగుతాడు. బుద్ధుడు చిన్న జవాబిస్తాడు. దండపాణి తల ఊపి, నాలిక ఆడించి, నొసట మూడు ముడతలు పడేలా బొమలు ముడిచి, కర్ర పొడుచుకుంటూ వెళ్లిపోతాడు. (ఇంత సూక్ష్మంగా రాసిపెట్టినవాళ్లు ఆయన ముఖం చూసి తీరాలి అనిపిస్తుంది నాకు.) భిక్షువులకూ ఆ జవాబు సరిగ్గా అర్థం కాదు. మహాకచ్చాన దగ్గరికి వెళ్తారు. ఆయన చెప్పింది దాదాపు ఇలా ఉంటుంది: కన్నూ రూపమూ ఆధారంగా కంటి ఎరుక పుడుతుంది. ఈ మూడూ కలవడమే స్పర్శ. స్పర్శ వల్ల వేదన. దేన్ని అనుభవిస్తాడో దాన్ని గుర్తిస్తాడు. దేన్ని గుర్తిస్తాడో దాని గురించి ఆలోచిస్తాడు. దేని గురించి ఆలోచిస్తాడో దాన్ని ప్రపంచిస్తాడు.

చివరి మాట చూశారా? పాళీలో పపంచ, సంస్కృతంలో ప్రపంచం. మనం లోకానికి పెట్టుకున్న పేరు అక్కడ మనసు ఒక చిన్న విషయాన్ని సాగదీసి, పెంచి, కొమ్మలూ రెమ్మలూ తొడగడానికి పేరు. కార్డులో ఒక పేరు లేదు, అంతే విషయం. దాని మీద నేను పాతికేళ్ల ప్రపంచాన్ని నిలబెట్టాను.

ఇంకో చిన్న వ్యాకరణ విశేషం ఉంది, దీన్ని గమనించాక నాకు ఈ సుత్తం మొత్తం మారిపోయింది. వేదన దాకా క్రియకు కర్తగా మనిషి లేడు. ఎరుక 'పుడుతుంది', స్పర్శ వల్ల వేదన 'కలుగుతుంది'. ఆ తర్వాత ఒక్కసారిగా వాక్యంలోకి మనిషి దూరతాడు: 'అనుభవిస్తాడు, గుర్తిస్తాడు, ఆలోచిస్తాడు, ప్రపంచిస్తాడు.' ఆపైన మళ్లీ పల్టీ. తాను అల్లిన లెక్కలే తిరిగి ఆ మనిషి మీద పడతాయి. జరిగినవీ, జరగబోయేవీ, ఇప్పటివీ అన్నీ కలిసి ముంచెత్తుతాయి. మొదట ఎవరూ చేయని పని, మధ్యలో నేను చేసిన పని, చివరికి నాకు జరిగిన పని. మీ మెయిల్‌ని దీనికి పెట్టి చూసుకోండి. దడ మీరు చేసింది కాదు. 'ఈసారి అప్రైజల్‌లో నా పని ఖాయం' అని అల్లింది మీరు. సాయంత్రానికి ఆ అల్లికే మీ మీద పడి టెన్షన్ అయింది.

స్పర్శకు మూడు కలవాలన్నాం కదా, కన్ను తెరిచి ఎదురుగా వస్తువుంటే సరిపోదు. మహాహత్థిపదోపమ సుత్తంలో బుద్ధుడి ముఖ్యశిష్యుడు సారిపుత్తుడు ఇంకొకటి కలుపుతాడు: కన్ను చెడకుండా ఉండాలి, రూపం ఎదుటికి రావాలి, దానికి తగిన మనసు మళ్లింపూ ఉండాలి. ఆ మూడోది లేకపోతే ఎరుకే పుట్టదు. సీరియల్ మంచి పట్టులో ఉన్నప్పుడు వంటింట్లో కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో ఇంట్లో ఎవరూ చెప్పలేకపోవడం అందుకే. చెవులున్నాయి, చప్పుడుంది, మనసు అటు మళ్లలేదు. మేనేజర్ పేరు వైపు మీ మనసు ఎందుకంత వేగంగా మళ్లుతోందంటే, ఇదివరకు ఎన్నోసార్లు అక్కడ దెబ్బ తగిలింది కాబట్టి. పాత సంజ్ఞ కాపలా కాస్తోంది.

స్పర్శ ముందు, వేదన తర్వాత అంటే మధ్యలో టైము ఉందా అని మా ఆదివారం గుంపులో ఒకరు పట్టుబట్టి అడిగారు. ఇది పాత తగాదానే. వైభాషికులు, సౌత్రాంతికులు అని రెండు పాత బౌద్ధ పక్షాలున్నాయి. వైభాషికులు స్పర్శా వేదనా ఒకే క్షణంలో కలిసి పుడతాయంటారు. సౌత్రాంతికులు ఒకటయ్యాకే రెండోది అంటారు. థేరవాదులది ఈ విషయంలో మొదటి పక్షమే. దీపం వల్ల వెలుగు, కానీ దీపం ముందు వెలిగి వెలుగు తీరిగ్గా రాదు కదా, అలా. ఇందులో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. స్పర్శకీ వేదనకీ మధ్య దూరి ఆపేద్దాం అనుకుంటే కుదరదు, అక్కడ సందు లేదు. సందు ఉన్నది వేదనకీ తృష్ణకీ మధ్య. ఒకదాని వల్ల ఒకటి పుట్టే పన్నెండు అంగాల గొలుసులో, అంటే ప్రతీత్యసముత్పాదంలో, ఆరోది స్పర్శ, ఏడోది వేదన, ఎనిమిదోది తృష్ణ. ఏడు నుంచి ఎనిమిదికి వెళ్లే దారిలో మాత్రమే మనకు గేటు ఉంది. టిబెటన్లు ఈ గొలుసును బొమ్మలుగా గీసే భవచక్రంలో ఏడో బొమ్మ చూస్తే ఒళ్లు జలదరిస్తుంది: కంట్లో బాణం దిగిన మనిషి.

అభిధమ్మం ఇంకా లోతుకి తవ్వుతుంది. అందరికీ అక్కర్లేదు, కానీ మీ ప్రశ్నకు నేరుగా తగిలేది ఒకటుంది. కన్ను, చెవి, ముక్కు, నాలుక, ఈ నాలుగింటి ఎరుకతో కలిసి పుట్టే వేదన ఎప్పుడూ తటస్థమే, అంటే సుఖమూ దుఃఖమూ కాని మూడో రకమే. సుఖమో దుఃఖమో నేరుగా పుట్టేది శరీర ద్వారంలో మాత్రమే. కారణం కూడా వ్యాఖ్యానకారులు కంసాలి కొట్టు నుంచి తెచ్చారు. దూది మీద దూది పడితే చప్పుడుండదు, కంటికి రూపం తగలడం అలాంటిది. దాగలి మీద దూది పెట్టి పైనుంచి సుత్తితో కొడితే దెబ్బ దూదిని దాటి దాగలికి తగులుతుంది, ఒంటికి తగిలే దెబ్బ అలాంటిది. అంటే ఈ లెక్క ప్రకారం మేనేజర్ పేరు మీ కంటికి ఏ హానీ చేయలేదు, శుభలేఖ నా కంటికీ చేయలేదు. దౌర్మనస్యం, అంటే మనసుకు కలిగే బాధ, ఆ తర్వాత జవనం అనే దశలో, అంటే మనసు ఆ వస్తువు మీదికి ఉరికే దశలో, కోపంతో పాటు పుడుతుంది. జవనం మామూలుగా ఏడు చిత్తక్షణాలు (మనసు ఒకసారి పుట్టి పోయేంత సేపు ఒక చిత్తక్షణం) పరిగెడుతుంది, కర్మ జరిగేది అక్కడే. చదవడానికి లెక్కల పుస్తకంలా ఉంటుంది గానీ, 'నన్ను చూసి నవ్వాడు, అది నా గుండెకు గుచ్చుకుంది' అని మనం అనే ప్రతిసారీ, గుచ్చినది నవ్వు కాదు సుమా అని గుర్తుచేయడానికి ఇంతకంటే కచ్చితమైన పద్ధతి నాకు తెలియదు.

మీ రెండో ప్రశ్న: ఆత్మ లేకపోతే బాధపడేది ఎవరు? అచ్చం ఇదే ప్రశ్న మోలియఫగ్గుణుడు అనే భిక్షువు బుద్ధుణ్నే అడిగాడు. 'భంతే (స్వామీ), వేదన అనుభవించేది ఎవరు?' బుద్ధుడు జవాబు చెప్పలేదు. అడిగిన తీరే సరి కాదన్నాడు. 'ఎవడో అనుభవిస్తున్నాడని నేను అనడం లేదు. అలా అని ఉంటే నీ ప్రశ్న సరైనదే. దేని వల్ల వేదన కలుగుతుంది అని అడుగు, స్పర్శ వల్ల అని చెబుతాను' అన్నాడు. మొదట్లో నాకిది లౌక్యంగా తప్పించుకోవడంలా అనిపించింది. తర్వాత తెలుగు వాక్యమే దారి చూపించింది. 'నాకు ఆకలేస్తోంది', 'నాకు చలేస్తోంది', 'నాకు కోపం వచ్చింది' అంటాం మనం. వచ్చినది కోపం, వేసినది ఆకలి, 'నేను' దానికి విలాసం మాత్రమే. వాన పడుతోంది అన్నప్పుడు పడేది ఎవరు అని ఆరా తీయం కదా.

మహానిదాన సుత్తంలో ఇంకో కోణం ఉంది. వేదనే ఆత్మ అనుకునేవాణ్ని, మూడు వేదనల్లో నీ ఆత్మ ఏది అని అడగమంటాడు బుద్ధుడు. సుఖం ఉన్న క్షణంలో దుఃఖం లేదు, దుఃఖం ఉన్నప్పుడు సుఖం లేదు. సుఖమే నేను అంటే, అది పోగానే నేనూ పోయినట్టే.

మూడో ప్రశ్న దగ్గర కొంచెం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో జ్వరం నుంచి విడాకుల దాకా అన్నిటికీ 'పూర్వజన్మ పాపం' అనే మాట చాలా తేలిగ్గా దొర్లుతుంది. సీవకుడు అనే పరివ్రాజకుడు బుద్ధుడి దగ్గరికొచ్చి, మనిషి పడే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లేనని కొందరంటారు, మీరేమంటారు అని అడిగాడు. బుద్ధుడు ఎనిమిది కారణాలు చెప్పాడు: పిత్తం, శ్లేష్మం, వాతం, ఈ మూడూ కలిసిన సన్నిపాతం, రుతువుల మార్పు, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం, బయటి నుంచి జరిగిన దాడి లేదా దెబ్బ, ఎనిమిదోది కర్మ విపాకం, అంటే కర్మ ఫలం. ఎనిమిదింట్లో ఒకటి! పైగా, అన్నీ పూర్వకర్మే అనేవాళ్లు తమకు స్వయంగా తెలిసినదాన్నీ, లోకం నిజమని ఒప్పుకున్నదాన్నీ దాటిపోతున్నారు, అది వాళ్ల తప్పు అన్నాడు. ఏ పల్లెటూరి వైద్యుడికైనా అర్థమయ్యే జాబితా ఇది. కాబట్టి మీ దడకు రాత్రి రెండింటి దాకా మేలుకోవడం కారణం కావచ్చు, తిండి వేళ తప్పడం కావచ్చు, మేనేజర్ నిజంగానే నోటి దురుసు మనిషి కావచ్చు. అలాంటప్పుడు కర్మ అనుకుని భరించమని బౌద్ధం చెప్పదు. డాక్టర్‌కి చూపించుకోవాల్సిన దడ అయితే చూపించుకోండి, కూర్చుని గమనించకండి.

రెండు బాణాల పోలిక మీరు వినే ఉంటారు. ఒకసారి బాణం తగిలినవాడికి మళ్లీ రెండో బాణం తగిలినట్టు, తెలియనివాడు ఒంటి బాధకు మనోబాధ కూడా చేర్చుకుంటాడు, తెలిసినవాడికి మొదటిదొక్కటే. అందరూ అక్కడితో ఆపేస్తారు. సల్ల సుత్తంలో ఆ తర్వాతి మాట అంతకంటే పదునైనది. బాధ తగిలిన మనిషి వెంటనే ఇంద్రియ సుఖం వైపు పరిగెడతాడట, ఎందుకంటే బాధ నుంచి బయటపడే దారి ఇంకొకటి ఉందని అతనికి తెలియదు. మెయిల్ చూసి దడ పుట్టాక మీ బొటనవేలు తనంతట తనే రీల్స్ వైపు పోతుందా? నాకు శుభలేఖ చూసిన రోజున మధ్యాహ్నం అన్నంలో ఆవకాయ మూడుసార్లు వేసుకున్నట్టు గుర్తుంది.

మొదటి బాణం మాత్రం ఎవరికీ తప్పదు. బుద్ధుడికీ తప్పలేదు. కపిలవస్తులో శాక్యులు కొత్తగా కట్టుకున్న సభాశాలలో చాలా రాత్రి దాకా ధర్మం చెప్పి, 'ఆనందా, నా వెన్ను నొప్పెడుతోంది, కాస్త వాలుస్తాను, మిగతాది నువ్వు చెప్పు' అని కుడిపక్కకు తిరిగి పడుకున్నాడు. సేఖ సుత్తంలో ఉంది. సాధన చేస్తే ఏ బాధా తెలియదని చెప్పేవాళ్లు ఎదురైతే ఆ వెన్నునొప్పిని గుర్తుచేసుకోండి.

సుఖానికీ దుఃఖానికీ అయితే కనీసం పేర్లున్నాయి. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. ధమ్మదిన్న అనే భిక్షుణిని ఆమె మాజీ భర్త విసాఖుడు, ఆయన అప్పటికి ఉపాసకుడు, వరసపెట్టి అడిగిన ప్రశ్నల్లో ఇదీ ఉంది. ఆమె జవాబు: సుఖవేదన ఉన్నంతసేపూ సుఖం, మారితే దుఃఖం. దుఃఖవేదన ఉన్నంతసేపూ దుఃఖం, మారితే సుఖం. రెండూ కానిది, తెలిస్తే సుఖం, తెలియకపోతే దుఃఖం. సుఖం కింద రాగం, దుఃఖం కింద ద్వేషం, ఈ మూడోదాని కింద అవిద్య నిద్రాణంగా పడుంటాయని కూడా చెప్పింది. తర్వాత విసాఖుడు ఇదంతా బుద్ధుడికి చెబితే, నన్నడిగినా ఇదే చెప్పేవాణ్ని అన్నాడాయన. బస్సులో కిటికీ పక్కన ఊరికే కూర్చున్నప్పుడు చేయి ఫోన్ కోసం జేబులోకి పోతుంది చూడండి, అక్కడ బాధా లేదు, సుఖమూ లేదు. ఆ ఏమీ లేనితనాన్ని ఓర్చుకోలేకపోవడమే. దినంలో ఎక్కువ భాగం మనం గడిపేది ఈ మూడోదాంట్లోనే అని నా అనుమానం.

సాధన విషయానికొస్తే, సతిపట్ఠాన సుత్తం చెప్పేది వినడానికి మరీ చప్పగా ఉంటుంది: సుఖవేదన కలుగుతున్నప్పుడు సుఖవేదన కలుగుతోందని తెలుసుకుంటాడు, దుఃఖవేదన అయితే అది కలుగుతోందని తెలుసుకుంటాడు. అంతే. తగ్గించుకో అనలేదు, పాజిటివ్‌గా ఆలోచించు అనలేదు. విపశ్యన శిబిరాల్లో గోయెంకాగారి పద్ధతిలో ఇదే ఒంటి మీది సంవేదనల ద్వారా నేర్పుతారు. ఆయన బర్మాలో ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకుని 1969లో ఇండియాకు తెచ్చారు. పద్ధతి మంచిది, నాకు పనికొచ్చింది. ఒక్క చిన్న భేదాభిప్రాయం: అక్కడికి వెళ్లొచ్చినవాళ్లలో చాలామంది వేదన అంటే ఒంట్లో చిమచిమే అనుకుంటారు. గ్రంథాల ప్రకారం వేదన నామధర్మం, మనసు వైపుది. చిమచిమ వస్తువు, దాని రుచి వేదన. కూర్చున్నప్పుడు మోకాలి నొప్పిలో ఈ రెంటినీ విడదీసి చూడటానికి నాకు మూడు శిబిరాలు పట్టింది. నొప్పి ఒక చోట, పోట్లుగా, వేడిగా, కదులుతూ ఉంటుంది. 'బాలేదు' అనేది దాని పక్కనే ఉంటుంది కానీ అదే కాదు.

మీ మెయిల్ దగ్గర ఇలా చేసి చూడండి. నోటిఫికేషన్ కనబడగానే తెరవొద్దు, మూయొద్దు. ఎక్కడ తెలుస్తోంది? గొంతులోనా, ఛాతీలోనా? 'బాధగా ఉంది' అని లోపల ఒక్క మాట అనుకోండి. మేనేజర్ పేరు ఆ వాక్యంలోకి రానివ్వకండి, వచ్చిందంటే మీరు ప్రపంచంలోకి వెళ్లిపోయినట్టే. వెళ్లినా ఫరవాలేదు, వెనక్కి రండి. ఒక పది ఊపిర్లు. వాన పడేటప్పుడు నీళ్ల మీద లేచి పగిలే బుడగతో వేదనను పోల్చాడు బుద్ధుడు. మొదటి వారంలో నాకు బుడగలేం కనిపించలేదు, వరదే కనిపించింది. తర్వాత తర్వాత ఒక్కొక్కటిగా తెలియసాగాయి. అప్పుడు మెయిల్ తెరిచి జవాబు రాయండి. దురుసుగా రాసుంటే మర్యాదగానే గట్టిగా చెప్పండి, అందుకు బౌద్ధం అడ్డురాదు.

శుభలేఖ ఏమైందని అడుగుతారేమో. పెళ్లికి వెళ్లాను. పీటల దగ్గర కూర్చోబెట్టారు, పేరు ఎందుకు లేదో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. మొన్న బీరువా సర్దుతుంటే కార్డు మళ్లీ చేతికొచ్చింది. చూడగానే ఛాతీ కింద అదే చోట చిన్నగా ఒకటి లేచింది, పాతికేళ్ల పద్దులు మాత్రం ఈసారి తెరుచుకోలేదు.

శిబిరానికి వెళ్లాలని ఉంటే, హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మఖేత్త ఉంది, ఏలూరు దగ్గర విజయరాయిలో ధమ్మవిజయ ఉంది. పది రోజుల కోర్సు, ఫీజు ఉండదు, లోపలికి వెళ్లేటప్పుడే ఫోన్ తీసుకుంటారు. రానూపోనూ కలిపి పన్నెండు రోజుల సెలవు కావాలి. లీవ్ లెటర్ ఆ మేనేజర్‌కే పెట్టాలి కదా, మొదటి అభ్యాసం అక్కడే మొదలుపెట్టండి. ఏం గమనించారో ఇక్కడ రాస్తే చదువుతాను.